గురమ్మ ఎడంకాలు

గురమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది. పార్వతీపురం దగ్గర వాళ్ళమ్మ కన్నవారింట, ముందు ఎడంపాదం, తరవాత కుడిపాదం, ఆఖరుకి తలా బయటికొచ్చేయి. తల్లీపిల్లా ఇద్దరూ దక్కరని మంత్రసాని ముందే ఏడుపు మొదలెట్టేసిందట. ఇద్దరూ దక్కేరు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదిలిపోతుందని మనవాళ్ళలో ఎరగనివాళ్ళు లేరు గనక, ఆ పిల్ల నడక నేర్చిన నాటినుంచీ ఆ ఎడంకాలికి గిరాకీయే.

పెళ్ళయి ఒరిస్సాలోని రాయగడ వచ్చేసరికి ఆ పేరు తనకంటే ముందే వచ్చి వీధిలో కూచుంది. మునిసిపాలిటీ పనివాళ్ళుండే ఆ వీధిలో, ఆమె ఇంకా పళ్ళు తోముకోకముందే, గుమ్మం ముందు ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. కిరాణా హోల్‌సేలు ఆదిశేషుగారి దగ్గర బస్తాలు మోసేవాళ్ళు, రిక్షావాళ్ళు, ఓసారి దసమంతపూర్ నుంచి తొలి బస్సెక్కి వచ్చిన ఒడియా మాస్టారు. పాచిమొహంతో, ఎవరితోనూ మాట్లాడకుండా, ఎడంకాలు నడుం మీద ఆనించి మూడుసార్లు ఒత్తి తీసేయడం. అలా మూడు పొద్దులు. ఏమీ పుచ్చుకోకూడదు. ఎవరైనా కొబ్బరికాయ తెస్తే అది మజ్జిగౌరమ్మ గుడికి పోతుంది, అంతే.

చిత్రమేమిటంటే, ఊరందరి నడుముల మీదా జంకు లేకుండా కాలు పెట్టే ఈ గురమ్మకి, తనింట్లోవాళ్ళు తుమ్మితే గుండె జారిపోయేది. కోడలు స్మిత చెవిపోటంటే అది మెదడుకి ఎక్కేసిందని ఆటో పిలిచింది. కొడుకు లక్ష్మణుడు కొరాపుట్ పనిమీద వెళ్ళి ఒక బస్సు తప్పిపోతే, ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడిందని స్టేషన్‌కెళ్ళి పోలీసుల్ని అడిగింది. కుక్కర్ మూడో కూత ఆలస్యమైతే పెరట్లోకి పరిగెత్తేది. ఇరవైసార్లు డాక్టర్‌ఖానాకి పరిగెట్టి ఉంటుంది, ఇరవైసార్లూ ఏమీ లేదన్నారు. అక్కడ మాత్రలిచ్చే కిటికీ దగ్గరి గున్నయ్యకి ఆమె నడిచొచ్చే తీరు కూడా గుర్తే. "ఈవేళ ఎవులు సచ్చిపోతన్నారు గురమ్మప్పా?" అని పలకరించేవాడు.

అందుకని ఇంట్లో ఒక అలవాటైపోయింది. ఏదున్నా అమ్మకి చెప్పకపోవడం.

రెండువేల మూడులో, శివరాత్రి వెళ్ళిన వారానికి, లక్ష్మణుడికి నడుం పట్టింది. తండ్రి పోయేక ఆయన ఉద్యోగమే మునిసిపాలిటీ నీళ్ళ పైపుల దగ్గర ఇతనికి వచ్చింది. వాల్వు గుంత మీద సిమెంటు పలక ఎత్తుతుంటే నడుంలో కలుక్కుమంది. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని తెచ్చి ఇంట్లో దింపేరు. ఇరవైతొమ్మిదేళ్ళ మనిషి, మంచం మీద పక్కకి తిరగలేక పళ్ళు బిగబట్టేడు.

గురమ్మ ఆ సాయంత్రమే డాక్టర్‌ఖానాకి లాక్కుపోయింది. అక్కడున్నది కటకం వైపునుంచి వచ్చిన కుర్ర డాక్టరు. లక్ష్మణుణ్ణి పడుకోబెట్టి ఒక్కో కాలూ పైకెత్తేడు, వేళ్ళు కదపమన్నాడు, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టేడు. తరవాత ఒడియాలో, ఆమెకి తెలిసేలా నింపాదిగా చెప్పేడు.

"కంగారు పడకు మావుసీ. నడుం నొప్పుల్లో చాలామట్టుకు వాటంతటవే తగ్గుతాయి. మంచానికి కట్టేయకు, మెల్లిగా తిరగనీ. బరువులు ఎత్తకూడదు. నెల, నెలన్నర పట్టొచ్చు."

"కేన్సరు కాదు గదా బాబూ?"

"కాదు."

"ఎముకల టీబీ?"

"ఆ లక్షణాలేమీ లేవు."

"మరి కిడ్నీ..."

"నువ్వు డాక్టరీ ఎంతవరకూ చదివేవు మావుసీ?"

"అయిదో క్లాసు బాబూ," అంది గురమ్మ నిజాయితీగా. డాక్టరు నవ్వేడు. లక్ష్మణుడు అంత నొప్పిలోనూ నవ్వేడు. ఆమె ఊరుకోకపోతే డాక్టరు ఒక ఎక్స్‌రే కూడా తీయించేడు. అందులోనూ ఏమీ లేదు.

"ఆ కిటికీ దగ్గర మాత్రలు పుచ్చుకో, వెళ్ళు," అని ఆమెని బయటికి పంపేడు. గురమ్మ మాత్రలు పుచ్చుకుంటూ వెనక్కి తిరిగి చూసింది. తలుపు సందులోంచి కనిపించింది: డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ లక్ష్మణుడికి ఏదో చెప్తున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నవ్వడం లేదు.

దారిలో పట్టుకుంది. "ఆ నాలుగేళ్ళు ఏటిరా లచ్చుమా?"

"ఏ ఏళ్ళే?"

"డాక్టరు మడిసేడు కాదా. నేను సూసేను."

"రోజుకి నాలుగు మాత్రలని సెప్పేడే."

చీటీ మీద పొద్దున్నొకటి, రాత్రికొకటి అని ఉంది. గురమ్మకి ఒడియా లెక్క చదవడం వచ్చు. కానీ ఆమాట అడిగితే ఆటోలో అందరిముందూ గొడవౌతుందని మింగేసింది. ఆ నాలుగు వేళ్ళూ మాత్రం ఆమె కళ్ళముందు అలా మడుచుకుంటూనే ఉన్నాయి. బియ్యం ఏరుతున్నప్పుడూ, కుళాయి దగ్గర బిందె నిండుతున్నప్పుడూ. అబద్ధమాడేడంటే ఏదో ఉంది. ఏదో ఉంటే డాక్టరు నవ్వేడెందుకు?

మూడువారాలకి నడుంలో నొప్పి తగ్గింది గానీ, అది కిందకి దిగింది. పిర్రలోంచి తొడ వెనక, పిక్కదాకా, కరెంటు తీగ లాగినట్టు. కుర్చీలో పది నిమిషాలు కూచోలేడు. దగ్గితే అరికాల్లో మెరుపు. గురమ్మ మళ్ళీ డాక్టర్‌ఖానాకి పదమంది.

"నేన్రాను. నువ్వు మళ్ళీ కేన్సరా, టీబీయా అని అడుగుతావు. గున్నయ్య మావ మా ఆఫీసుకెల్లి మరీ ఎగతాళి సేసేడట."

"నవ్వితే నవ్వనీరా. నవ్వితే నడుం ఇరుగుతాదేటి?"

"నెలన్నర పడతాదని సెప్పేడు కాదా? ఇంకా నెలే అయింది. ఒగ్గేయమ్మా."

అదీ నిజమే. నెలన్నర అన్నాడు. మరి నొప్పి కాల్లోకి దిగుతుందని అన్నాడా, అనలేదా? ఆ నాలుగు వేళ్ళలో అదొకటా? ఎవర్నడగాలో తెలియక గురమ్మ స్మితని అడిగింది. స్మిత ప్లస్ టూ చదివింది. "నాకేటి తెలుసత్తా, నాకూ సెప్పట్లేదు," అంది ఆ పిల్ల.

ఈలోగా వీధిలో మాట మొదలైంది. ఎదురింటి అమ్మన్నమ్మ గుమ్మంలో చేటతో కూచుని అందరూ వినేలా అంది. "ఊరోళ్ళందరి నడుములకీ నీ కాలుంది. కన్నకొడుకు మాటొచ్చేసరికి కాలు సీర కింద దాసుకున్నావేటే?"

దాచుకున్న మాట నిజమే. గురమ్మ ఇంట్లోవాళ్ళనెప్పుడూ తొక్కలేదు. మొగుడు బతికున్నరోజుల్లో నడుం పట్టిందని అడిగినా తొక్కలేదు. పరాయివాడి నడుం మీద కాలు పెట్టేటప్పుడు అది దేవుడు పెట్టిన కాలు. కొడుకు నడుం మీద పెడితే అది తన కాలు. ఏదైనా అయితే? ఆ మాట అమ్మన్నమ్మతో ఎలా చెప్తుంది? చెప్తే ఇన్నాళ్ళూ ఊరివాళ్ళని తొక్కింది ధైర్యంతో కాదని, పట్టనితనంతోనని అనరూ?

ఆఖరికి లక్ష్మణుడే అడిగేడు. ఓ శనివారం సాయంత్రం, గోడకి చేతులు ఆనించి నిలబడే గంజి తాగుతూ. "అమ్మా, రేపు పొద్దున్న నీ కాలు పెట్టే. ఇంక నా వల్ల కాదు."

"నా కాల్లో ఏటుందిరా నాయినా..."

"అందరికీ ఉన్నది నాకెందుకు లేదే?"

గురమ్మ గంజిగిన్నె పుచ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం తొక్కింది. సోమవారం తొక్కింది. మంగళవారం పొద్దున్న, మూడో ఒత్తుకి, మడమ కింద ఏదో కదిలినట్టనిపించింది. కదిలిందో, తన కాలే వణికిందో. లక్ష్మణుడు "అమ్మా" అని ఒక్క కేక పెట్టి ఊరుకున్నాడు. గురమ్మ కాలు తీసేసి గోడకి ఒరిగిపోయింది. మూడో పొద్దు మొహం కడుక్కునేదాకా మాట్లాడకూడదు గనక నోరు మూసుకుని చూస్తూ నిలబడింది.

అతను మెల్లిగా మోకాళ్ళ మీద లేచేడు. నిలబడ్డాడు. పిక్క తడుముకున్నాడు. మళ్ళీ తడుముకున్నాడు.

"నొప్పి లేదే," అన్నాడు. తనకే నమ్మకం లేనట్టు ఓసారి దగ్గి చూసుకున్నాడు. "లేదే అమ్మా! కాల్లో ఏటీ లేదు!"

వీధి వీధంతా వచ్చింది. అమ్మన్నమ్మ గురమ్మ ఎడంకాలికి పసుపు రాస్తానని కూచుంది. ఆదిశేషుగారు కొట్టు తెరవబోతూ ఆగి, "కిందటేడు నా నడుమూ అంతే, మూడోనాటికి మాయం. నేను సెప్పలేదూ?" అని నలుగురికీ చెప్పి వెళ్ళేడు. స్మిత ఉప్మా చేసింది. లక్ష్మణుడు నెల్లాళ్ళ తరవాత మొదటిసారి పీట మీద కూచుని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

గురమ్మకి మాత్రం ఏం చేయాలో తోచలేదు. భయపడ్డానికి ఏమీ మిగలకపోతే చేతులు ఖాళీ అయిపోయినట్టుంది. ఇల్లు రెండుసార్లు ఊడ్చింది. సాయంత్రం గుడికెళ్ళి అమ్మవారికి చీర పెట్టాలనుకుంది.

పదిగంటల వేళ లక్ష్మణుడు వీధి చివర పాన్ కొట్టుదాకా వెళ్ళొచ్చేడు. ఇంట్లోకి వస్తుంటే గురమ్మ చూసింది. కుడికాలికి చెప్పుంది. ఎడంకాలికి లేదు.

"ఒరే, రెండో సెప్పేదిరా?"

అతను కిందకి చూసుకున్నాడు. చూసుకున్నాక గానీ అతనికి తెలిసినట్టు లేదు. హవాయి చెప్పు వీధి మధ్యలో, కాలవ పక్కన పడి ఉంది. వెనక్కెళ్ళి తెచ్చుకున్నాడు. ఎండకి మట్టి కాలుతోంది, ఆ కాలు కాలుతున్నట్టే నడవలేదు.

"పాత సెప్పు, వొదులైపోయింది," అన్నాడు.

అయి ఉండొచ్చు. నిజంగానే పాత చెప్పే. గురమ్మ తనని తాను కోప్పడింది. కొడుక్కి నయమైన రోజున చెప్పు జారిందని ఏడుస్తారా ఎవరైనా?

పన్నెండింటికి స్నానాలగదిలోకి వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. కుళాయి పారుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. వచ్చేసరికి మొహమంతా చెమట. బట్టలు పొడిగానే ఉన్నాయి, ఒంటిమీద చుక్క నీళ్ళు లేవు.

"నీళ్ళోసుకోలేదేటిరా? కుళాయెందుకు తిప్పేవు?"

"ఊరికేనే."

భోంచేసేక మళ్ళీ వెళ్ళేడు. మళ్ళీ కుళాయి చప్పుడు. గురమ్మ వంటింట్లో గిన్నె పట్టుకుని ఆ చప్పుడే వింటూ నిలబడిపోయింది. స్మిత చూసి నవ్వింది.

"అత్తా, నీకు బయపడ్డానికి ఏటీ దొరక్కపోతే కుళాయిని సూసైనా బయపడతావు."

"నిజవేనే అమ్మి," అంది గురమ్మ. నవ్వబోయింది. నవ్వు రాలేదు. నొప్పి పోయిందంటే నయమైనట్టే. నయమైనవాడికి చెమటెందుకు? భయం తన పాత భయమా, కొత్తదా? ఇన్నేళ్ళుగా ఏ భయమొచ్చినా ఒకే మొహంతో వస్తోంది, దేన్ని నమ్మాలి?

నాలుగింటికి అమ్మవారికి చీర తీద్దామని ట్రంకుపెట్టె తాళం వెతికింది. తాళాలన్నీ ఒకే ఇనప గుత్తికుంటాయి, పెద్ద పెద్దవి తొమ్మిది. మంచం మీదే పెట్టిన గుర్తు. దుప్పటి దులిపింది, తలగడ తీసింది, బియ్యం డబ్బాలో చూసింది. స్మితా వెతికింది. అమ్మన్నమ్మ వచ్చి సలహాలు చెప్పింది. మంచం అంచున కూచుని పేపరు చదువుతున్న లక్ష్మణుడు కూడా, "వంటింటి గూట్లో సూడు," అన్నాడు. అరగంట వెతికేరు.

"నువ్వోపాలి లేరా," అంది గురమ్మ ఆఖరికి.

లేచేడు. గుత్తి అతని కిందే ఉంది. తొమ్మిది తాళాల అచ్చూ పైజమా మీద దిగిపోయి ఉంది.

అమ్మన్నమ్మ పగలబడి నవ్వింది. "మొద్దు ఎదవా! అరగంటబట్టీ దానిమీదే కూకుని మమ్మల్ని ఇల్లంతా తిప్పేవా?"

లక్ష్మణుడూ నవ్వబోయేడు. తల్లి మొహం చూసి ఆగిపోయేడు. గురమ్మ ఆ గుత్తి చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. మునివేళ్ళకి తాళం పళ్ళు గుచ్చుకున్నాయి.

"తెలీలేదేటిరా?"

అతను పైజమా వెనక చేత్తో తడుముకున్నాడు.

"అమ్మన్నమ్మా, నువ్వింటికెల్లు," అంది గురమ్మ. అలాంటి గొంతు ఆమెకుందని ఎవరికీ తెలీదు. అమ్మన్నమ్మ నవ్వు ఆపి వెళ్ళిపోయింది. తలుపు వేసి కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"ఒంటికెల్లేవా ఈవేళ?"

"అమ్మా, ఏటా మాటలు, స్మిత ఉందిక్కడ..."

"ఉంటే ఉండనీ. నీ పెళ్ళామే కాదా. ఎల్లేవా లేదా?"

లక్ష్మణుడు గోడకేసి చూస్తూ చెప్పేడు. పొద్దుట్నుంచీ రాలేదు. వస్తున్నట్టుంటుంది, కుళాయి తిప్పుకుని నిలబడితే రాదు. కూచునే చోట, తొడల మధ్యా, తిమ్మిరెక్కినట్టుంది. ముట్టుకుంటే ఎవరిదో ఒళ్ళు ముట్టుకున్నట్టుంది. నీ కాలు తగిలి నరాలు వొదులయ్యేయనుకున్నాను. రేపటికి అదే సర్దుకుంటుందనుకున్నాను.

"ఆ నాలుగేళ్ళు," అంది గురమ్మ.

"ఊఁ."

"ఇప్పుడైనా సెప్పు."

"ఒకటి, ఒంటికి ఆగిపోయినా, తెలీకుండా పోయినా. రెండు, కూకున్న సోట మొద్దుబారినా. మూడు, కాలు బలం తగ్గినా. ఈ మూడిట్లో ఏదొచ్చినా ఆ గంటలోనే రమ్మన్నాడు, పగలైనా రాత్రైనా. నాలుగోది జొరం, బరువు తగ్గడం. అదైతే ఓ రోజటూ ఇటూ పరవాలేదన్నాడు." గొంతు తగ్గించేడు. "నీకు సెప్తే గంటకోపాలి అడుగుతావని సెప్పలేదమ్మా. నొప్పి పెరిగితేనే అవన్నీ అనుకున్నాను. నొప్పి పోయింది కాదా?"

స్మిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తుంటే గురమ్మకి వింతగా ఉంది. రావలసిన ఏడుపు తనకి రావడం లేదు. నొప్పి పోవడం మంచిదా, చెడ్డదా? పొద్దున్న అమ్మవారికి చీర అనుకుంది దేనికి? తలలో అంతా తెల్లగా, గంజి పోసినట్టుంది. కాళ్ళు మాత్రం వాటంతటవే వీధిలోకి నడిచేయి.

ఆదిశేషుగారికి ఫోనుంది, సరుకులు తిప్పే జీపుంది. విషయం విని ఆయన తల అడ్డంగా ఊపేడు.

"మళ్ళీ మొదలెట్టేవా గురమ్మా? పొద్దున్న నా కళ్ళతో సూసేను, కుర్రాడు నిలువుగా నడిసేడు. ఎండాకాలం, నీళ్ళు సాలక రాలేదేమో. మజ్జిగ పట్టించు. పొద్దున్న సూద్దాం."

"బాబూ, ఇరవైపాలి పరిగెట్టేను. ఇరవైపాలీ నేనే తప్పు. ఇదీ తప్పే అయితే మీరూ గున్నయ్యా కలిసి నవ్వండి, నేనూ నవ్వుతాను. బేగి జీపు తియ్యండి."

ఆయన ఆమెనొకసారి ఎగాదిగా చూసేడు. ఎప్పుడూ ఏడ్చే మనిషి ఏడవకుండా నిలబడి ఉంది. దాంతో కంగారుపడి తాళం తీసుకుని లేచేడు.

డాక్టర్‌ఖానాలో గున్నయ్య నోరు తెరిచేడు గానీ, లక్ష్మణుడు ఎడంపాదం ఈడుస్తూ నడవడం చూసి మూసేసుకున్నాడు. కుర్ర డాక్టరు గుండుసూదితో గుచ్చుతూ, "ఇక్కడ? ఇక్కడ?" అని అడుగుతుంటే లక్ష్మణుడు, "లేదు, లేదు," అంటున్నాడు. గొట్టం వేసేరు. లీటరు పైనే వచ్చింది. అంత నిండి ఉన్నా ఆ మనిషికి నొప్పి తెలీలేదు.

డాక్టరు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పేడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ జారి వెనక నరాల కట్టని నొక్కేసింది. ఈవేళే విశాఖపట్నం తీసుకెళ్ళాలి. ఆపరేషను ఎంత తొందరగా అయితే అంత మిగులుతుంది. ఆరుగంటల బండి అందుకోవాలి, అక్కడి డాక్టరుకి తను ఫోన్ చేస్తాడు.

"నొప్పెందుకు పోయింది బాబూ మరి?"

"నరం మరీ నలిగితే నొప్పి చెప్పే ఓపిక కూడా దానికి ఉండదు, మావుసీ."

గురమ్మ తన ఎడంకాలు వైపు చూసుకుంది. అమ్మన్నమ్మ రాసిన పసుపు ఇంకా వేళ్ళ సందుల్లో ఉంది. "బాబూ, నేను తొక్కేను. మూడు పొద్దులు. నా కాలే చేసిందా ఇది?"

డాక్టరు కోప్పడతాడనుకుంది. అతను తువ్వాలు మడిచి పక్కన పెట్టేడు. "అయి ఉండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు. దానంతటదీ జారుతుంది, మంచం మీంచి లేచినా జారుతుంది. నేను చెప్పలేను. ఇంకెవర్నీ మాత్రం తొక్కకు. ఇప్పుడు బండికి టైమైంది."

అవునని ఉంటే నూతిలో పడేది. కాదని ఉంటే నిద్రపోయేది. రెండూ అనకుండా పంపేసేడు.

రైల్లో కొడుకుని బెర్తు మీద పడుకోబెట్టి, స్మిత తలవైపు, తను కాళ్ళవైపు కూచున్నారు. బొబ్బిలి దాటేదాకా గురమ్మ ఒకటే పని చేసింది. అతని ఎడంపాదం బొటనవేలు పట్టుకుని, "తెలస్తోందేటి?" అని అడగడం. "కొంచెం," అనేవాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ "కొంచెం." అది నిజమో, తను ఏడుస్తుందనో? ఇన్నేళ్ళుగా అబద్ధాలతో ఆమెని కాపాడుకుంటూ వచ్చిన కుర్రాడు. "లచ్చుమా, ఇకమీదట నేనేడిసినా సరే నిజం సెప్పు," అంది. అతను కళ్ళు మూసుకుని తలూపేడు. "అయితే తెలీట్లేదమ్మా," అన్నాడు.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రాత్రికి రాత్రే స్కానింగు తీసి, తెల్లవారకముందే లోపలికి తీసుకెళ్ళేరు. పొద్దెక్కేక బయటికి తెచ్చేరు. అక్కడి పెద్ద డాక్టరు, జారిన ముక్క తీసేశామన్నాడు. కాలు చాలావరకు వస్తుంది, నెలలు పట్టొచ్చు. ఒంటి సంగతి మాత్రం గొట్టం తీస్తే గానీ తెలీదన్నాడు. వస్తే అదృష్టం. రాకపోతే గొట్టంతోనే కొన్నాళ్ళో, ఎన్నాళ్ళో.

నాలుగో రోజు పొద్దున్న గొట్టం తీసేరు. నీళ్ళు తాగమన్నారు. లక్ష్మణుడు తాగేడు. తొమ్మిదైంది, పదైంది. పదకొండింటికి స్మిత భుజం పట్టుకుని మరుగుదొడ్డిలోకి మెల్లిగా నడిచేడు. స్మిత బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. అత్తాకోడళ్ళిద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు.

కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్ళు బకెట్లో పడుతున్నాయి. గురమ్మ ఆ చప్పుడు వినలేకపోయింది. తలుపు మీద కొట్టింది.

"కుళాయి కట్టేయరా. నాకేటీ ఇనపడట్లేదు."

"అమ్మా! పక్కకెల్లే! అందరూ ఉన్నారు!"

"ఉంటే ఉండనీ. కట్టెయ్."

కుళాయి ఆగింది. వార్డులో ఎవరో దగ్గేరు. పక్క మంచం ముసలాయన, మల్లేశని చోడవరం మనిషి, చెవి ఇటే పెట్టి, చెయ్యెత్తి తన కోడల్ని మాట్లాడొద్దన్నాడు. ఎంతసేపో తెలీదు. స్మిత గురమ్మ చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకుంటున్నా ఇద్దరూ తీయలేదు.

ముందు చుక్క. తరవాత ఏమీ లేదు. మళ్ళీ రెండు చుక్కలు. అప్పుడు సన్నగా, ఆగి ఆగి, ధారగా.

గురమ్మ అక్కడే నేలమీద కూలబడింది. మంగళవారంనుంచీ ఎక్కడో ఆగిపోయిన ఏడుపు ఇప్పుడు వచ్చింది. మల్లేశు, "వచ్చిందర్రా!" అని వార్డంతటికీ చెప్పేడు.

మూడువారాలకి రాయగడ వచ్చేసేరు. లక్ష్మణుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఎడంచెప్పుకి వెనకాల స్మిత జాకెట్టు ఎలాస్టిక్ కుట్టింది, జారిపోకుండా. కూచునేచోట సగం తెలుస్తోంది, సగం తెలీదంటున్నాడు. నిజమే చెప్తున్నాడు. వినడానికే కష్టంగా ఉంటోంది.

వచ్చిన మర్నాడు పొద్దున్న గురమ్మ తలుపు తీసేసరికి గుమ్మం ముందు అమ్మన్నమ్మ బోర్లా పడుకుని ఉంది. పక్కన కొబ్బరికాయ.

"ఏటే ఇది?"

"నిన్న బిందె ఎత్తితే పట్టేసింది. పాసిమొగంతో మాటాడేస్తన్నావేటి? తొక్కు."

"లచ్చుమడికి ఏటైందో సూసేవు కాదా!"

"సూసేను. నువ్వు తొక్కబట్టే ఆడి జబ్బు బయటపడిందని ఆదిశేషుగారన్నారు. లేపోతే ఎప్పటికి తెలిసేది? తొక్కవే, నేల సల్లగుంది."

గురమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆదిశేషుగారు అలా అన్నారు. డాక్టరు చెప్పలేనన్నాడు. కిందటేడు ఆయనకి తగ్గింది తన కాలి వల్లా, దానంతటదేనా? మడమ కింద ఆవేళ కదిలింది కొడుకు వెన్నా, తన వణుకా? ఆ ఎడంకాలు తనదే, యాభయ్యేళ్ళుగా దానిమీదే నడుస్తోంది, అదేం చేస్తుందో తనకే తెలీదు.

"ఒంటికెల్లేవా పొద్దున్న?" అంది.

అమ్మన్నమ్మ తల తిప్పింది. "ఏటే?"

"ఎల్లేవా?"

"ఎల్లేను. రెండుపాలి."

"కూకున్న సోట తిమ్మిరుందేటి?"

"సీ! ఈదిలో అడుగుతావేటే ఆమాట!"

"కాల్లో సత్తువుందా? జొరం లేదు కదా?"

"లేదే తల్లీ, ఒట్టి నడుమే."

గురమ్మ ఒంగి అమ్మన్నమ్మ చంకల కింద చేతులు వేసి లేవదీసింది. కొబ్బరికాయ ఆమె చేతిలో పెట్టింది. ఎడంకాలు గడప లోపలే ఉంచింది.

"అయితే మెల్లిగా తిరుగు. బిందె ఎత్తకు. నెలన్నర సూడు," అంది. గుమ్మం దిగకుండానే మళ్ళీ పిలిచింది. "అమ్మన్నమ్మా! నొప్పి ఒక్కసారిగా పోయిందనుకో..."

"పోతే మంచిదే కాదేటి?"

గురమ్మ "పోతే నాకు సెప్పు," అంది.